మార్కెట్ రుసుము – వర్తకుల వాదం: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

చింతలపూడి, నూజివీడు ప్రాంతాల మామిడి వర్తకంలో సరకు చేతులు మారే చోటు మార్కెట్ యార్డే కానక్కరలేదు. పూత దశలోనో పిందె దశలోనో తోటను గుత్తకు తీసుకొన్న వర్తకుడు కాయ కోయించి అక్కడే లారీకి ఎత్తించవచ్చు. అటువంటి వర్తకుడికి మార్కెట్ కమిటీ షెడ్డుతో గాని కాటాతో గాని పని ఉండదు. వాడుకోని వసతికి రుసుము ఎందుకు చెల్లించాలన్నది యార్డు బయట ఏ పంటను కొనే వర్తకుడైనా వేయగల ప్రశ్న. స్థానిక సంస్థల రాబడి, వ్యయాల పట్ల వర్తక వర్గాల దృక్పథమంతా ఈ ప్రశ్నలో ఇమిడి ఉంది. ఆంధ్రదేశంలో దానికి సుదీర్ఘమైన చరిత్ర ఉంది.

చట్ట నేపథ్యం:

వ్యవసాయంపై నియమితమైన రాయల్ కమిషన్ 1928 నాటి నివేదికలో నియంత్రిత మార్కెట్లను సిఫారసు చేసింది. మద్రాసు రాష్ట్రంలో 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. తూకంలో మోసాల నుండి, రకరకాల కోతల నుండి రైతును కాపాడి, అతనికి గిట్టుబాటు ధర దక్కేలా చూడటం ఇటువంటి చట్టాల ఆశయం. తమ వర్తక స్వేచ్ఛకు ఇది భంగకరమని వర్తకులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1958లో కోర్టు చట్టాన్ని సమర్థించింది. ఆ తీర్పు రాసినవారు తెలుగువారైన జస్టిస్ కోకా సుబ్బారావు.

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలోని వేర్వేరు చట్టాల స్థానంలో 1966లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయోత్పత్తుల, పశుసంపద మార్కెట్ల చట్టం వచ్చింది. దీని 12వ సెక్షన్ ప్రకారం రుసుము యార్డుకే పరిమితం కాదు. ప్రకటిత మార్కెట్ ప్రాంతమంతటా జరిగే క్రయవిక్రయాలకు వర్తిస్తుంది. వివాదానికి బీజం ఇక్కడే పడింది.

అర్ధరూపాయి నుండి రూపాయికి:

నూటికి 50 పైసలున్న రుసుమును రూపాయికి పెంచినప్పుడు వర్తకులు మళ్ళీ న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. పన్నుకు ప్రతిఫలం చూపనక్కరలేదు గాని రుసుముకు చూపాలన్నది వారి వాదసారం. 1979లో పంజాబు, హర్యానాలకు సంబంధించిన కేవల్ క్రిషన్ పురి కేసులో, రుసుములో అధికభాగం చెల్లింపుదారుల సేవలకే ఖర్చు కావాలని సుప్రీంకోర్టు చెప్పడం ఈ వాదానికి బలమిచ్చింది.

అయితే 1983లో శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో తీర్పు వారికి ప్రతికూలంగా వచ్చింది. రుసుముకూ సేవకూ మధ్య స్థూలమైన సంబంధం ఉంటే చాలుననీ, లెక్కకు లెక్క సరిపోనక్కరలేదనీ కోర్టు పేర్కొంది.

సమీక్ష:

వర్తకుల వాదంలో స్వార్థం లేకపోలేదు. ఏ అక్రమాలను అరికట్టడానికి మార్కెట్లు వెలిశాయో, వాటికి బాధ్యులు కూడా కొనుగోలుదారులలోనే ఉన్నారు. యార్డు వెలుపలి వ్యాపారాన్ని వదిలివేస్తే నియంత్రణే నీరుగారుతుంది. ఆ మేరకు తీర్పు సమంజసం. కాని చెల్లించేవాడు కొనుగోలుదారే అయినా, అతడు ఆ మొత్తాన్ని ధరలో సర్దుకోగలిగినప్పుడు భారం మోసేది రైతే. కనుక రుసుము ఎక్కడ ఖర్చయిందన్న ప్రశ్న వర్తకుడు అడిగినా అది రైతుకూ చెందుతుంది. స్థూల సంబంధం చాలునన్న సూత్రం కమిటీకి చట్టరీత్యా రక్షణ ఇస్తుంది, జవాబుదారీతనాన్ని తెచ్చిపెట్టదు.

ముగింపు:

2020 నాటి కేంద్ర చట్టం యార్డుల వెలుపలి వర్తకంపై రాష్ట్రాలు రుసుము విధించరాదన్నది. వర్తకుల పాత కోరికకు అది దాదాపు చట్టరూపమే. రైతుల ఉద్యమం నడుమ 2021 జనవరిలో దాని అమలు నిలిచింది. అదే ఏడాది చట్టం రద్దయింది. రుసుము ఉండాలా వద్దా అన్న వాదన అంతటితో తాత్కాలికంగా సద్దుమణిగినా, వసూలైన రూపాయి ఏ గిడ్డంగిగా, ఏ కాటాగా రైతు ముందుకు వచ్చిందన్న విచారణ మిగిలే ఉంది. ఆ లెక్కను యార్డు గోడ మీద అందరికీ కనబడేలా రాసి ఉంచితే వర్తకుడి అభ్యంతరానికీ, రైతు సందేహానికీ ఒకే సమాధానం దొరుకుతుంది.