రౌటరు యూపీయస్

రౌటరు యూపీయస్ అనగా కరెంటు పోయినపుడు ఇంటిలోని అంతర్జాల పరికరాలకు విద్యుత్తునందించే చిన్న బ్యాటరీ సాధనము. రాగి తీగల టెలిఫోనుకు ఎక్స్ఛేంజి నుండే 48 వోల్టుల విద్యుత్తు వచ్చేది. అందుచేత ఇంట్లో దీపాలు ఆరినా ఫోను మ్రోగేది. ఫైబరు తీగలో వెలుతురే తప్ప విద్యుత్తు రాదు. కనుక పొన్నూరు వంటి ఊళ్ళలో ఫోను, టీవీ, అంతర్జాలము ఒకే తీగపై పెట్టుకున్న ఇంట కరెంటు పోతే మూడూ ఒక్కసారే ఆగిపోతాయి.

ఎంపిక

ముందుగా పరికరపు అడాప్టరుపై వ్రాసిన వోల్టులు, ఆంపియర్లు చూడవలెను. చాలావాటికి 12 వోల్టులు, 1 నుండి 2 ఆంపియర్లు అవసరము. 9 వోల్టుల పరికరానికి 12 వోల్టులిస్తే చెడిపోవచ్చును. పిన్ను పరిమాణము, ధన ఋణ ధ్రువాల గుర్తు కూడా సరిపోవాలి.

అమ్మకందారులు చెప్పే మిల్లీఆంపియర్-గంటలు తరచు 3.7 వోల్టుల సెల్లు లెక్కన ఉంటాయి. 7,800 అని వ్రాసినది సుమారు 29 వాట్-గంటలు మాత్రమే. 8 వాట్లు వాడే రౌటరుకు, నష్టాలు పోగా, మూడు గంటలైనా పూర్తిగా రాదు. టీవీకి ఇది చాలదు, ఇన్వర్టరు కావలసిందే. గుంటూరు ఎండలలో లిథియం బ్యాటరీ త్వరగా క్షీణిస్తుంది కాబట్టి దానిని అటకపైన, రేకుల కప్పు క్రింద ఉంచరాదు.

పరిమితులు

2017 డిసెంబరు 27న ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తీగలు ఎక్కువగా విద్యుత్ స్తంభాల మీదుగా వేయబడినవి. స్తంభము కూలితే కరెంటుతోబాటు తీగ కూడా తెగవచ్చును. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపాన తీరం దాటిన మిచౌంగ్ వంటి తుఫానులకు ఇంటి బ్యాటరీని నమ్ముకోక, ముందుగానే సెల్‌ఫోను ఛార్జి చేసి ఉంచుకొనుట మేలు. కేబుల్ ఆపరేటరు వద్ద కరెంటు లేకున్నా ఫలితమిదే.