పాత పటములోని పొగబండి

బాసగూడకు రైలు రాలేదు. బస్తరు అడవులలో తాలిపేరు ఏటి చెంతనున్న ఆ గ్రామమునుండి దక్షిణముగా దిగి, గోదావరి దాటివచ్చిన వారికి ‘భద్రాచలం రోడ్డు’ స్టేషను కలదు. పేరు భద్రాచలానిదే గాని, స్టేషను మాత్రము ఏటికీవల, నలుబది కిలోమీటర్ల దూరమున, కొత్తగూడెములో నున్నది! బస్తరుకు కొత్తవలస–కిరండూలు మార్గము బైలదిల్లా ఇనుప ఖనిజము కొఱకు 1960వ దశకములో గాని రాలేదు. కావున ఆ ప్రాంతపు వృద్ధులు తమ యౌవనమున చూచిన పొగబండి నైజాము బండియే యనవచ్చును.

అట్టి బండి ముందు నిలిచి తీయించుకొన్న పటములు పాత పెట్టెలలో నేటికిని దొరకుచుండును. వెనుక వ్రాత యుండదు. ఉన్నను, వినికిడి మీద వ్రాసినదై యుండును. ‘1874, సికిందరాబాదు’ అని వ్రాసినంత మాత్రమున నమ్మరాదు. వాడి–సికిందరాబాదు మార్గము ఆ యేడే తెరవబడినది. అందుచే ఆ సంవత్సరమును ప్రతి పాత పటమునకును తగిలించు అలవాటు పుట్టినది. దానివలన ఒక తరము కార్మికుల శ్రమ మరియొక తరము లెక్కలోనికి పోవుచున్నది.

పరీక్షకుడు మొదట ఇంజనును గాక పట్టాలను చూడవలెను. సికిందరాబాదులో బ్రాడ్ గేజియు, మన్మాడు వైపు మీటరు గేజియు రెండును ఉండెడివి. బ్రాడ్ గేజి కొయ్య స్లీపరు సుమారు తొమ్మిదడుగులు, మీటరు గేజిది ఆరడుగులు. ప్రక్కన నిలిచిన మనిషి పొడవుతో పోల్చిన సందేహము చాలవఱకు తీరును. పర్లాకిమిడి వంటి రెండున్నర అడుగుల బుల్లి మార్గమైనచో చూపునకే తెలియును.

తరువాత చక్రములు. ముందు చిన్న చక్రములు, నడుమ లాగుడు చక్రములు, వెనుక చక్రములు – వీనిని వరుసగా లెక్కించు పద్ధతిని అమెరికా దేశీయుడైన వైట్ 1900 ప్రాంతమున ప్రచారము చేసెను. 0-6-0 అయినచో పాత సరకుల బండి ఇంజను. 4-6-0 అయినచో ప్రయాణికుల బండిది. 2-8-2 అయినచో 1950లో వచ్చిన డబ్ల్యూ.జి. తరగతిదై యుండవచ్చును. తుపాకి గుండువలె ముక్కు మొనదేలిన డబ్ల్యూ.పి.ని బాలురు సైతము గుర్తింతురు. అది 1947లో అమెరికానుండి దిగినది. చక్రముల వెలుపల వాల్షార్టు పద్ధతి కమ్ములు అల్లుకొని కనబడినచో, ఆ పటమునకు 1874 చెల్లదు. ఆ యేర్పాటు మన దేశపు ఇంజనులపై విరివిగా వచ్చినది 20వ శతాబ్దములోనే.

అక్షరములు సాక్ష్యమిచ్చును గాని, వానిని కొంత అనుమానముతో వినవలెను. నైజాము ప్రభుత్వము 1930లో కంపెనీనుండి రైల్వేను కొనెను. 1951లో అది సెంట్రలు రైల్వేలో చేరెను. అయితే రంగు వేయువాడు గెజెటు వెలువడిన నాడే కుంచె పట్టడు గదా! పాత పేరు టెండరు మీద కొంతకాలము నిలిచియే యుండును. 1957లో దేశమంతటికిని ఒకే వరుస సంఖ్యలు వచ్చినవి. పాత తరగతి ఇంజనుపై ఐదంకెల సంఖ్య కనబడినచో పటము ఆ తరువాతిదని చెప్పవచ్చును.

అన్నిటికన్న విలువైనది తయారీదారుని బిళ్ళ. గ్లాస్గోలోని డబ్స్ కార్ఖానా బిళ్ళ వజ్రాకారము. 1903లో మూడు కార్ఖానాలు కలిసి నార్త్ బ్రిటిష్ కంపెనీగా ఏర్పడిన పిమ్మట, వజ్రాకారము ఆ కార్ఖానాకే మిగిలెను. హైడ్ పార్కు కార్ఖానాకు గుండ్రని బిళ్ళ, అట్లాస్ కార్ఖానాకు కోడిగ్రుడ్డు ఆకారపు బిళ్ళ. కావున బిళ్ళ పైని అక్షరములు చదువ వీలులేనంత మసకగా నున్నను, దాని రూపము కార్ఖానాను గుర్తించుటకు తోడ్పడును.

ఇంతయు చూచినను ఒక చిక్కు మిగులును. ఇంజనులకు బాయిలరు మార్చుట, పాత ఎస్.జి.ని అధికోష్ణ ఆవిరి గొట్టములతో దిద్దుట కలదు. అందువలన ఇంజను, పటము ఏ యేటికి ముందు తీసినది కాదో చెప్పగలదు గాని, ఏ యేటికి తరువాతిది కాదో చెప్పజాలదు. ఆ రెండవ హద్దుకై పటములోని మనుష్యుల తలపాగాలు, కోట్లు, ప్లాట్‌ఫారము దీపములు, బోర్డుపై ఊరి పేరు వ్రాసిన లిపులు వెదకవలెను.