ఎవరి పేరు వారిది

మొన్న అటకమీది ట్రంకుపెట్టె దింపితే నా చిన్ననాటి స్టాంపుల ఆల్బం బయటపడింది. మా చిన్నమ్మాయి దాన్ని ముందేసుకు కూచుని, "హెల్వెషియా ఎక్కడుందమ్మా? అట్లాసులో లేదే!" అంది. మగ్యార్ కూడా దొరకలేదట.

"అది స్విట్జర్లాండే. ఇది హంగరీ," అన్నాను.

"మరి వాళ్ళ పేరు వాళ్ళకుండగా మనం వేరే పేరు రాయడమేమిటి?" అని నిలదీసింది.

నిజమే కదా! ఏ దేశం తనని తాను ఎలా పిలుచుకుంటుందో ఆ పేరుతోనే అట్లాసు వేస్తే? పొయ్యిమీద పప్పు ఉడుకుతుండగానే ఇద్దరం కాగితం, పెన్సిలు పట్టుకున్నాం. పేర్లు వాళ్ళవి, అక్షరాలు మనవి. జర్మనీ మీద డాయిచ్‌లాండ్, జపాన్ మీద నిప్పన్, ఈజిప్టు మీద మిస్ర్, ఫిన్లాండు మీద సుఓమి అని రాశాం. చైనా వాళ్ళకి తమది ఝోంగ్‌గ్వో, అంటే నడిమి దేశం.

వేల్స్ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఆ పేరు ఆంగ్లో-సాక్సన్లు పెట్టింది. దాని మూలానికి పరాయివాళ్ళని అర్థం. వెనక వచ్చినవాళ్ళు, ముందునుంచీ ఉన్నవాళ్ళని పరాయివాళ్ళన్నారన్నమాట! వాళ్ళు మాత్రం తమ నేలని కమ్రి అంటారు. మనమంతా ఒకచోటివాళ్ళం అనే మాటలోంచి పుట్టిందది.

పట్టుబట్టి పేరు మార్పించుకున్న వాళ్ళూ ఉన్నారు. 1972లో సిలోన్ శ్రీలంక అయింది. 2018లో స్వాజీలాండ్ ఎస్వాతిని అయింది. 2022లో టర్కీ తనని తుర్కియే అనమని కోరితే ఐక్యరాజ్యసమితి సరేనంది.

చిక్కల్లా స్విట్జర్లాండుతోనే. నాలుగు జాతీయ భాషలు, నాలుగు పేర్లు. ఒకటి రాస్తే మిగతా ముగ్గురికీ కోపం. అందుకే స్టాంపుమీద ఎవరిదీ కాని లాటిన్ పేరు వేసుకున్నారు. మనమూ తక్కువ తినలేదు. రాజ్యాంగం మొదటి అధికరణంలోనే ఇండియా, భారత్ రెండూ ఉన్నాయి. పైగా ఇండియా అన్న పేరుకి మూలమైన సింధునది 1947 నుంచి చాలా భాగం పాకిస్తాన్‌లోనే ఉంది!

చివరికి సొంత పేరు పెద్దక్షరాల్లో, పైవాళ్ళు పిలిచే పేరు కింద చిన్నక్షరాల్లో వెయ్యాలని తేల్చాం.

ఇంతలో గుమ్మంలోంచి పక్కింటావిడ, "చిన్నీ వాళ్ళమ్మగారూ!" అని కేకేసింది. పదేళ్ళుగా ఈ వీధిలో నా పేరు అదే. పెద్దక్షరాల పేరు ఎవరికీ తెలీదు. ఆ మాటే అందామని లేచానుగానీ, గుమ్మందాకా వెళ్ళాక నోరు పెగల్లేదు. ఆవిడని నేను పిలిచేది రవి వాళ్ళమ్మగారనే.

"లోపలికి రండి," అన్నాను. "ముందు మీ పేరేమిటో చెప్పండి."