త్రిత్వం (దక్షిణ తెలంగాణ క్రైస్తవ ఆరాధనలో)

దేవుడు ఒక్కడేననీ, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే ముగ్గురు వ్యక్తులుగా నిత్యం ఉన్నాడనీ చెప్పే క్రైస్తవ మూల సిద్ధాంతం త్రిత్వం. 325లో నైసియా, 381లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభలు దీన్ని విశ్వాస ప్రమాణంగా స్థిరపరిచాయి.

దక్షిణ తెలంగాణలో ఈ సిద్ధాంతాన్ని నమ్మేవాటిలో బాప్టిస్టు, మెన్నోనైట్ బ్రదరెన్, కతోలిక సంఘాలు ఉన్నాయి. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ 1890లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున నల్లగొండలో పని మొదలుపెట్టాడు. మహబూబ్‌నగర్ కేంద్రం 1937లో బాప్టిస్టుల నుంచి మెన్నోనైట్ బ్రదరెన్‌కు మారింది. నల్లగొండ కతోలిక మేత్రాసనం 1976లో ఏర్పడింది.

ఈ సంఘాల మధ్య ఆచారభేదం బాప్తిస్మంలో స్పష్టంగా కనిపిస్తుంది. బాప్టిస్టు, మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాల్లో విశ్వాసాన్ని ఒప్పుకున్నవారిని పాస్టరు నీళ్లలో పూర్తిగా ముంచి లేపుతాడు. కతోలికులు పసిపిల్లలకు కూడా జ్ఞానస్నానం ఇస్తారు. గురువు సాధారణంగా తలపై మూడుసార్లు నీళ్లు పోస్తాడు. పద్ధతి వేరైనా మత్తయి సువార్త 28:19 ఆధారంగా ముగ్గురి నామం ఉచ్చరించడం అందరికీ ఒకటే. సిద్ధాంతం సామాన్య విశ్వాసికి ఈ ఉచ్చారణ ద్వారా కూడా చేరుతుంది.

ప్రార్థన తండ్రికి, కుమారుని ద్వారా, ఆత్మ సహాయంతో సాగుతుందన్నది త్రిత్వ సిద్ధాంతపు ఆచరణార్థం. ప్రొటెస్టంటు ఆరాధన తరచుగా 2 కొరింథీయులు 13:14 ఆధారమైన ఆశీర్వాదంతో ముగుస్తుంది. పెంతెకొస్తు తర్వాతి ఆదివారాన్ని కతోలికులు త్రిత్వ పండుగగా జరుపుతారు.