టార్పెడో: చేప నుంచి ఆయుధానికి

టార్పెడో అనగానే నీళ్లలో దూసుకెళ్లే ఆయుధం కళ్ల ముందు మెదులుతుంది. నిజానికి ఈ పేరు మొదట ఒక చేపది. లాటిన్‌లో 'టార్పెరె' అంటే మొద్దుబారడం. ముట్టుకున్నవాళ్లకు తన ఒంట్లోని విద్యుత్తుతో తిమ్మిరెక్కించే చేపను రోమన్లు టార్పెడో అన్నారు.

తెరచాప ఓడల కాలంలో రాబర్ట్ ఫుల్టన్ తన నీటి మందుపాతరలకు ఆ పేరు పెట్టాడు. 1805లో ఇంగ్లండ్ తీరాన డొరొథియా అనే ఓడను వాటితో పేల్చి చూపాడు. అవి సొంతంగా పరుగెత్తేవి కావు. 1864లో మొబైల్ బే యుద్ధంలో టెకుమ్సె అనే ఇనుప కవచపు నౌకను నిమిషాల్లో ముంచేసినదీ అలాంటి నిలకడ టార్పెడోయే. పాత యుద్ధ వర్ణనలు చదివేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. లేకపోతే కథంతా తలకిందులవుతుంది.

1866లో రాబర్ట్ వైట్‌హెడ్ సంపీడిత గాలితో నడిచే ఆయుధాన్ని తయారుచేశాక పేరు క్రమంగా దానికే స్థిరపడింది. కదలనివాటిని మైన్ అనడం మిగిలింది.

తెలుగు పత్రికలూ టార్పెడో అనే రాస్తాయి. విశాఖపట్నంలోని నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల రూపొందించిన భారీ టార్పెడోకు మాత్రం చక్కని పేరు కుదిరింది: వరుణాస్త్ర.