భాషోపాధ్యాయ శిక్షణలో అంతర్జాల వీడియో

భాషోపాధ్యాయ శిక్షణలో అంతర్జాల వీడియో అనగా తరగతి గదులలో చిత్రీకరించిన పాఠాలను అంతర్జాలం ద్వారా చూపి, వాటిపై చర్చ జరిపి, భాష బోధించేవారికి నైపుణ్యాలు నేర్పే పద్ధతి. విద్యార్థులచేత మాట్లాడించడం, ఉచ్చారణ దోషాలను సరిదిద్దడం, ప్రశ్న అడిగి జవాబు కోసం వేచి ఉండడం వంటివి పుస్తకం చదివి గ్రహించడం కష్టం. ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసేవారికి మరొకరి బోధన చూసే అవకాశం కూడా ఉండదు. ఈ కొరతలను తీర్చడమే దీని ముఖ్య ప్రయోజనం.

చరిత్ర

వీడియో సాయంతో ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికి సూక్ష్మ బోధన బాట వేసింది. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్, ఆయన సహచరులు దీనిని రూపొందించారు. ఇందులో శిక్షణార్థి కొద్దిమంది విద్యార్థులకు కొన్ని నిమిషాల పాఠం చెప్పి, దాని వీడియో చూసుకొని, పర్యవేక్షకుని సూచనల ప్రకారం సవరించి మళ్ళీ బోధిస్తాడు. బ్రిటన్‌లో 2005 నుండి 2011 వరకు నడిచిన టీచర్స్ టీవీ ఇటువంటి తరగతి దృశ్యాలను టెలివిజన్‌లోను, అంతర్జాలంలోను అందించింది.

భారతదేశంలో

2012లో బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ ఆధ్వర్యంలో మొదలైన టెస్-ఇండియా పథకం భారతీయ పాఠశాలలలోనే వీడియోలు చిత్రీకరించింది. జంట పని, కథలు చెప్పడం, స్థానిక వనరుల వినియోగం వంటి అంశాలు వీటిలో ఉన్నాయి. ఉపాధ్యాయుల కోసం కేంద్ర ప్రభుత్వం 2017 సెప్టెంబరు 5న దీక్షా వేదికను ప్రారంభించింది. 2019లో ముఖాముఖిగా మొదలైన నిష్ఠా శిక్షణను కోవిడ్ కారణంగా 2020లో అంతర్జాలానికి మార్చారు. అంతర్జాలంలో మొదటి నిష్ఠా కార్యక్రమాన్ని 2020 జులై 16న ఆంధ్ర ప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీలక శిక్షకుల కోసం ప్రారంభించారు.

విధానం

సాధారణంగా కొద్ది నిమిషాల దృశ్యాన్నే ఎంచుకుంటారు. చూడడానికి ముందే ఒక ప్రశ్న ఇస్తారు. ఉదాహరణకు, ఉపాధ్యాయుడు ఎంతసేపు మాట్లాడాడు, పిల్లలు ఎంతసేపు మాట్లాడారు అన్నది గమనించమంటారు. తరువాత చర్చ జరుగుతుంది. చివరగా శిక్షణార్థి ఆ మెలకువను తన తరగతిలో ప్రయత్నించి, వీలైతే మొబైల్ ఫోనుతో చిత్రీకరించి, సహోపాధ్యాయులతో కలిసి పరిశీలిస్తాడు.

పరిమితులు

కెమెరా ముందు వరుసలనే చూపితే వెనుక బెంచీలలో మౌనంగా ఉన్న పిల్లలు కనబడరు. ముందుగా అభ్యాసం చేయించిన పాఠం సహజమైన తరగతిని ప్రతిబింబించదు. పిల్లలను చిత్రీకరించడానికి తల్లిదండ్రుల అనుమతి అవసరం. అన్నిటికంటే ముఖ్యంగా, వీడియో చివరిదాకా నడిచినంత మాత్రాన శిక్షణ పూర్తయినట్లు కాదు. చర్చ, ఆచరణ లేనిచోట అది కేవలం ప్రేక్షకత్వంగా మిగిలిపోతుంది.

ఇవి కూడా చూడండి

సూక్ష్మ బోధన
దూరవిద్య