తెప్ప, పుట్టి, కయాక్: నీటి ఆట మనవాళ్ళకు కొత్తదా?



ఈ వేసవి సెలవుల్లో పిల్లలను ఏదైనా చెరువుకు తీసుకెళ్ళి కయాక్ నడపడం నేర్పించాలని మన యువకులు అడిగినప్పటినుంచి, పెద్దవాళ్ళ నోట రెండు మాటలు వినబడుతున్నాయి. "అది మంచుదేశాల ఆట, మనకెందుకు?" అన్నది ఒకటి. "మనం మెట్టసేద్యం చేసినవాళ్ళం, మగ్గం నేసినవాళ్ళం, మిల్లుల్లో పనిచేసినవాళ్ళం. పడవలతో మనకేం పని?" అన్నది రెండోది. కోయంబత్తూరు, మదురైలలో తరతరాలుగా ఉన్న మన తెలుగువాళ్ళ చరిత్ర ఈ రెండు మాటలకూ ఏం జవాబు చెబుతుందో చూద్దాం.

ముందు కయాక్ సంగతి. గ్రీన్‌లాండ్‌లోనూ కెనడా ఉత్తరాననూ ఉండే ఇన్యూట్ జనం వేటకోసం కట్టుకున్న పడవ అది. అక్కడ పెద్ద చెట్లు పెరగవు. అందుకని సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన కొయ్యలతో, ఎముకలతో చట్రం కట్టి, దానిమీద సీల్ జంతువు తోలు బిగించి కుట్టేవాళ్ళు. ఒక్క మనిషికే చోటు. తెడ్డుకు రెండు కొసలా రెక్కలు. పడవ తిరగబడితే అందులోనే కూర్చుని తెడ్డుతో నీళ్ళను నొక్కి మళ్ళీ పైకి లేవడం ఇప్పుడు పిల్లలకు సరదా, ఆ వేటగాళ్ళకు ప్రాణం నిలిపే విద్య. 1865లో జాన్ మెక్‌గ్రెగర్ అనే లండన్ వకీలు ఆ పోలికలో ఒక చిన్న కొయ్యపడవ చేయించుకుని యూరప్ నదుల్లో, సరస్సుల్లో ఒంటరిగా తిరిగి, మరుసటి ఏడు ఆ ప్రయాణం గురించి పుస్తకం వేశాడు. దాంతో అది వినోదమైంది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో పతకాల పోటీ కూడా అయింది. పొట్టకూటి పడవ ఆటపడవ కావడం అన్ని దేశాల్లోనూ జరిగేదే.

చట్రం, దానిమీద తోలు అనగానే మనకు గుర్తుకు రావలసింది పుట్టి. తమిళంలో పరిసల్ అంటారు. 1520 ప్రాంతంలో, శ్రీకృష్ణదేవరాయల కాలంలో, విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ పుట్టిని చూసి ఆశ్చర్యపోయి రాసిపెట్టాడు. తుంగభద్ర దాటి ఆనెగొందికి వెళ్ళడానికి బుట్టల్లాంటి గుండ్రని పడవలున్నాయనీ, లోపల బెత్తం, బయట తోలు ఉంటాయనీ, పదిహేను ఇరవైమంది ఎక్కుతారనీ, అవసరమైతే గుర్రాలనూ ఎద్దులనూ కూడా దాటిస్తారనీ, అవి తిన్నగా పోకుండా గిరగిరా తిరుగుతూనే పోతాయనీ ఆయన చెప్పాడు.

ఆ విజయనగరం నుంచే మన చరిత్ర దక్షిణానికి కదిలింది. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టాడు. సైనికులు, రైతులు, నేతగాళ్ళు, పశువులు కాచేవాళ్ళు అంతకు ముందూ తర్వాతా దఫదఫాలుగా వచ్చి స్థిరపడ్డారు. మన రాజకంబళం నాయకర్ల ఇళ్ళలో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. శత్రువులు తరుముతూ ఉంటే ముందు ఏరు అడ్డం వచ్చిందట. రెండు ఒడ్డుల మీది కానుగచెట్లు ఒకదానివైపు ఒకటి వంగి వంతెనయ్యాయట. అందుకే వాళ్ళకు కానుగచెట్టు పూజ్యం. తమిళంలో పుంగమరం అంటున్నది ఆ చెట్టునే. ఏరు దాటిన జ్ఞాపకమే కులచరిత్రకు తొలిపుటగా ఉన్నవాళ్ళం మనం. అలాంటి మనకు నీళ్ళతో ఏం పని అని అడగడం ఎలా కుదురుతుంది?

ఇక మదురై. 1623 నుంచి 1659 దాకా ఏలిన తిరుమల నాయకుడు 1645 ప్రాంతంలో వండియూరు మారియమ్మన్ తెప్పకుళం తవ్వించాడు. పొడవు సుమారు వెయ్యి అడుగులు, వెడల్పు కొంచెం తక్కువ. చుట్టూ రాతిగోడ, నాలుగు పక్కలా మెట్లు, నడుమ తోటతో కూడిన మండపం. మహలు కట్టడానికి ఇటుకల కోసం మట్టి తీసిన గుంటనే చెరువుగా మార్చారని చెబుతారు. ఆ తవ్వకంలోనే మీనాక్షి గుడిలోని ముక్కురుణి వినాయకుడు దొరికాడనీ చెబుతారు. నాయకుడు పుట్టిన నక్షత్రం పుష్యమి. తై నెలలో పూసం పౌర్ణమినాడు మీనాక్షీ సుందరేశ్వరులు అలంకరించిన తెప్ప ఎక్కి మండపం చుట్టూ తిరుగుతారు. ఆ తెప్పకు తెడ్డు లేదు, మోటారు లేదు. గట్టుమీద నిలబడ్డ జనం మోకులు పట్టి లాగుతారు. పగలు ప్రదక్షిణలు, రాత్రి దీపాల వెలుగులో ఇంకొకటి. దేవుడు నీళ్ళమీద షికారు చేస్తుంటే ఊరంతా మోకు పట్టే ఉత్సవం అది. దానికంటే పెద్ద నీటి ఆట ఏముంటుంది?

ఈ ఆటలో ఒక కట్టుబాటు దాగి ఉందని మనం గమనించాలి. ఆ తెప్పకుళంలోకి వైగై నుంచి కాలువలో నీళ్ళు రావాలి. ఏడాదికి ఒక రోజు, అదీ తేదీ ముందే తెలిసిన రోజు, తెప్ప తేలాలి. తేలాలంటే కాలువలో పూడిక తీయాలి, చెత్త ఎత్తాలి, దారిలో ఆక్రమణ ఉంటే తొలగించాలి. లెక్కల పుస్తకాల్లో తప్పు దాచవచ్చు, ఎండిన చెరువును దాచలేం. ఊరిజనం అందరి ముందూ జరిగే ఆడిట్ అది. ఉత్సవం ఆ పని చేసిపెట్టింది.

ఆ ఆడిట్‌లో తప్పిన సంవత్సరాలనూ మా తరం చూసింది. చెరువు అడుగున నీటిచుక్క లేక పిల్లలు క్రికెట్ ఆడుకునేవాళ్ళు. తెప్పను కదలకుండా నిలబెట్టి ఉత్సవం అయిందనిపించేవాళ్ళు. ఈమధ్య సంవత్సరాల్లో పనైయూరు కాలువ ద్వారా వైగై నీళ్ళు మళ్ళీ వస్తున్నాయి, తెప్ప మళ్ళీ తేలుతోంది. ఉత్సవం లేకపోయి ఉంటే ఆ చెరువు ఏ బస్‌స్టాండో, ఏ మైదానమో అయిపోయి ఉండేది.

చిత్తిరై తిరునాళ్ళు కూడా చూడండి. మీనాక్షి కల్యాణాన్ని మాసి నెల నుంచి చిత్తిరైకి మార్చి అళగర్ ఉత్సవంతో కలిపింది తిరుమల నాయకుడే అంటారు. అళగర్ వైగైలో దిగేటప్పుడు భక్తులు మేకతోలు తిత్తులతో నీళ్ళు చిమ్ముతారు. అది మొక్కూ అవును, వేసవి సరదా కూడా అవును. ఆ రోజు ఏటిలో నీళ్ళుండాలి కాబట్టి, 1959లో కట్టిన వైగై ఆనకట్ట నుంచి ఉత్సవం కోసమే నీళ్ళు వదులుతారు. అంటే ఒక ఆట ఒక ఆనకట్ట తలుపు తీయిస్తోంది.

కోయంబత్తూరు కథ వేరు. అది పడమటి కొండల వానచాటు నేల. వెళ్ళియంగిరి కొండల నుంచి దిగే నొయ్యల్ మీద చిన్న చిన్న అడ్డుకట్టలు కట్టి, కాలువలతో చెరువులు నింపారు. ఒకటి నిండితే మిగులునీరు తర్వాతిదానికి పోతుంది. ఉక్కడం పెద్ద చెరువు, వాలాంకుళం, సింగానల్లూరు చెరువు ఈ గొలుసులోనివే. ఆడి పద్దెనిమిదినాడు బండికట్టుకుని చిత్రాన్నాలు మూట కట్టుకుని పేరూరు దగ్గర నొయ్యల్ ఒడ్డుకు వెళ్ళడం మన ఇళ్ళలో పండగే.

కానీ మనవాళ్ళ అసలు ఈతకొలను తోటలోని బావి. ఎద్దులు ముందుకూ వెనక్కూ నడుస్తూ కపిలతో నీళ్ళు తోడే బావిలో, నడుముకు ఎండిన సొరబుర్రనో అరటిబోదెనో కట్టి మగపిల్లలను దింపేవాళ్ళు. వారంలో బుర్ర తీసేసేవాళ్ళు. నెలలో వాడు గట్టుమీంచి దూకేవాడు. ఆడపిల్లలకు మాత్రం చాలా ఇళ్ళలో ఆ భాగ్యం లేదు.

1932లో పైకారా కరెంటు వచ్చింది. అదీ నీటినుంచి పుట్టిన కరెంటే. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి చేసినది మన దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా పేరుపడ్డది. తర్వాత కోయంబత్తూరు పంపుసెట్ల ఊరైంది. అది మన గర్వం, అందులో సందేహం లేదు. అయితే ఆ పంపే మన బావి అడుగు చూసింది. ఎద్దు అలిసిపోతే ఆగుతుంది, మోటారు ఆగదు. బావులు లోతయ్యాయి, తర్వాత బోర్లు పడ్డాయి. ఈదే బావి ఎండు గొయ్యి అయింది. సిరువాణి, పిల్లూరు నీళ్ళు కుళాయిలోకి వచ్చాక ఊరి చెరువుల అవసరం ఎవరికీ లేకపోయింది. వాటిలోకి మురుగు పారింది, గుర్రపుడెక్క కమ్మింది. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

నీళ్ళతో పాటు మాటలూ పోయాయి. మా తరం బడిలో చదివింది తమిళం, ఇంట్లో మాట్లాడింది తెలుగు. పడగు, పరిసల్, తుడుప్పు అని మన పిల్లలకు తెలుసు. పడవ, పుట్టి, తెడ్డు అంటే మొహం చూస్తారు. కానీ తెడ్డు ఇంకా మన వంటింట్లో ఉంది. సంగటి కలిపే కొయ్యగరిటెను అమ్మలు ఇప్పటికీ తెడ్డు అనే అంటారు. నీళ్ళను తోసేదీ అదే మాట. ఏటి ఒడ్డు వదిలి వచ్చినా ఆ మాటను పొయ్యి దగ్గర దాచిపెట్టింది మన ఆడవాళ్ళే.

అందుకని మన యువకుల కోరికకు మనం అడ్డు చెప్పకూడదు, క్రమం చెప్పాలి.

మొదట ఈత. మగపిల్లలకూ ఆడపిల్లలకూ సమంగా. ఈత రానివాళ్ళు పడవ ఎక్కకూడదని కాదు, కానీ నీటి భయమూ నీటి మీద గౌరవమూ రెండూ నేర్చుకునేది ఈతలోనే.

రెండోది పుట్టి. కయాక్ కంటే ముందు పిల్లలను కారమడై దగ్గర పరళిక్కాడుకు తీసుకెళ్దాం. పిల్లూరు ఆనకట్ట వెనకనీటిలో అటవీశాఖ వారాంతాల్లో పరిసల్ నడిపిస్తుంది. తెడ్డు వేసేది అక్కడి ఇరుళర్ జనం. పుట్టికి ముందూ వెనకా లేదు, అడుగున వెన్నుకర్ర లేదు. పక్కనుంచి తెడ్డు వేస్తే గిర్రున తిరుగుతుంది. తిన్నగా పోవాలంటే ముందువైపు తెడ్డు ముంచి నీళ్ళను తనవైపు లాక్కోవాలి. పేస్ చూసి ఆశ్చర్యపోయిన ఆ తిరుగుడును లొంగదీసే నేర్పు ఆ ఇరుళర్ చేతుల్లో ఉంది. దాన్ని దగ్గరనుంచి చూసిన పిల్లవాడికి కయాక్ తెడ్డు త్వరగా వశమవుతుంది.

మూడోది రక్షణ. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి పదులకొద్దీ ప్రాణాలు పోయాయి. లైఫ్‌జాకెట్ లేకుండా ఒక్క పిల్లవాడూ ఒడ్డు దాటకూడదు. ఫొటోకోసం దాన్ని విప్పడం ఉండకూడదు. ప్రవాహం ఎక్కువగా ఉన్న రోజు ఇంటికి తిరిగి రావడమే తెలివి.

నాలుగోది కాలువ. ఉక్కడంలో, వాలాంకుళంలో ఈమధ్య పడవలు దిగాయి. పడవ ఎక్కినవాడు ముక్కు మూసుకోవలసి వస్తే ఆ మురుగు ఎక్కడినుంచి వస్తోందని అడుగుతాడు. అడగాలి కూడా. ఆడుకునే నీటిని జనం కాపాడుకుంటారు. ఎవరూ దిగని నీటిని ఎవరూ పట్టించుకోరు. మదురై తెప్ప మనకు నేర్పింది ఇదే. అందుకని పిల్లలు పడవ నడిపే చెరువుకు వచ్చే కాలువలో ఏడాదికి ఒకసారైనా మన సంఘం పార పట్టాలి.

మన తాతలు మోకు పట్టి తెప్పను లాగారు. ఇప్పుడు పిల్లలు తెడ్డు అడుగుతున్నారు. ఇద్దాం. దాన్ని తెడ్డు అనే పిలవమని మాత్రం చెబుదాం.